ఉక్కుపిడుగు చేతిలో ఏముంది?

జూన్ 1, ఆదివారం

ఉదయం 9:10. కొత్త డైరీ. కొత్త పెన్నులు మూడు. స్కేలు ఒకటి. కాగితాలకు చిల్లులు వేసే మిషను ఒకటి (మా ఆవిడది, అడగలేదు).

ముందు సంగతి చెప్పాలి. సైకిల్ షాపు పైగదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మా ఆట. బల్ల చుట్టూ నలుగురం, ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. కథ నడిపేది మాస్టరమ్మ. వృత్తిరీత్యా హెడ్ నర్సు. "ఎదురుగా గుహ. లోపల ఎవరో గురక పెడుతున్నారు. ఏం చేస్తారు?" అంటుంది. ఏం చేస్తామో మేం చెబుతాం. అది కుదిరిందో బెడిసికొట్టిందో పాచిక చెబుతుంది. వారమంతా నేను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషిని. శనివారం మాత్రం ఉక్కుపిడుగుని! ఎనిమిదడుగుల యోధుణ్ణి! చేతిలో పిడుగుసుత్తి!

ఇదే కథ ఇంకా నలభై క్లబ్బుల్లో నడుస్తోంది. ఎవరైనా ఏ క్లబ్బుకైనా వెళ్లి ఆడొచ్చు. అందుకే ప్రతి ఆటకీ ఒక కాగితం ఉండాలి. ఏం దొరికింది, ఏం ఖర్చయింది, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎన్నో లెవెల్. లేకపోతే ఎవడైనా వచ్చి "నా దగ్గర మూడు ఏనుగులున్నాయి" అనగలడు.

జూన్ 29న అన్ని క్లబ్బుల వాళ్లూ ఒకేచోట చేరతారు. ఆఖరి అధ్యాయం. డ్రాగన్! తొమ్మిదో లెవెల్ ఉన్నవాళ్లకే ప్రవేశం, అదీ కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే. బల్లకి తక్కువలో తక్కువ నలుగురు ఉండాలి. మేం ఉన్నదే నలుగురం. ఒకరి కాగితాలు తగ్గితే నలుగురమూ ఇంటికే. పైగా ఆ ఒక్కరూ చేతికర్ర పుచ్చుకుని మళ్లీ ఒకటో లెవెల్ నుంచి మొదలెట్టాలి. ఎనిమిది నెలల ఆట బూడిదలో పోసినట్టే.

ఆడిన ఆటలు: 31.
రాసిన కాగితాలు: 6. అవీ మొదటి ఆరే.
మిగతా ఇరవై ఐదూ చెప్పుల అట్టపెట్టెలో ఉన్నాయి. బస్సు టికెట్ల మీద, బిస్కెట్ పొట్లాల మీద, షాపులో పవర్ రాసుకునే చీటీల వెనక.

శపథం: రోజుకో పాత కాగితం. శనివారం ఆడిన ఆటకి శనివారం సాయంత్రమే కాగితం. పిడుగుసుత్తి మీద ఒట్టు!

జూన్ 2, సోమవారం

సాయంత్రం 6:30. ఏడో ఆట పూర్తి! నాలుగు పేజీలు వచ్చింది. గుహలో రాక్షసుడి ముక్కు వర్ణన ఒక్కటే పేజీన్నర. రాస్తుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

మా ఆవిడ చదివింది. రక్తపరీక్షల ల్యాబులో పని ఆవిడకి. మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తేదీతో చీటీ ఉంటుంది.

"బాగుందండీ. ఇంతకీ ఏం దొరికింది, ఏం ఖర్చయింది?"

"చివర్లో వస్తుంది."

"చివర్లో ముక్కే ఉంది."

దొరికినవీ ఖర్చయినవీ అంచులో ఇరికించాను. మిగిలినవి 24.

జూన్ 3, మంగళవారం

ఎనిమిదో ఆట పూర్తి. రంగుల్లో పటం కూడా వేశాను. మిగిలినవి 23. ఇంత తేలికని తెలిస్తే ఎనిమిది నెలల క్రితమే మొదలెట్టేవాణ్ణి. షాపులో అందరికీ చెప్పాను, జీవితంలో క్రమశిక్షణ ముఖ్యమని. యజమాని వింతగా చూశాడు.

జూన్ 5, గురువారం

నిన్న రాయలేదు. ఏదో స్కూలు నుంచి నలభై జతల అద్దాలు వచ్చిపడ్డాయి. పిల్లల చూపు ముఖ్యమా, నా కాగితం ముఖ్యమా? ఈ రోజూ రాయలేదు. రేపు మూడు.

జూన్ 6, శుక్రవారం

పెన్ను కారింది.

జూన్ 7, శనివారం

ఆట 32. ఈసారి ఆడుతూనే రాయాలని కాగితం పక్కనే పెట్టుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే దాని మీద ఉన్నది ఇంతే: "ఉక్కుపిడుగు తలుపు".

తలుపు తీశాడా, తన్నాడా, ఎత్తుకొచ్చాడా? నాలుగు గంటలు ఆడిన నాకే తెలీదు. ఏం చేయను! అప్పుడే లైబ్రరీ అమ్మాయి (మా జట్టులో దొంగ వేషం ఆమెదే) చూరుకు తలకిందులుగా వేలాడుతూ తాళం తీస్తోంది. అలాంటప్పుడు తల దించుకుని రాసేవాడు మనిషేనా?

మిగిలినవి మళ్లీ 24.

జూన్ 10, మంగళవారం

తప్పెక్కడుందో తెలిసిపోయింది. నాకొక పద్ధతి లేదు! ఈ రోజంతా పద్ధతి తయారుచేశాను. ఎర్ర చీటీ అంటే దెబ్బలు. పచ్చ చీటీ అంటే మందులు. పసుపు చీటీ అంటే ఆయుధాలు. ఫైలు మీద పేరు కూడా రాశాను, నీడతో సహా. చూడముచ్చటగా ఉంది.

కాగితాలు: సున్నా. పద్ధతి ముందు, పని తర్వాత.

జూన్ 12, గురువారం

ఎలా రాయాలో చూద్దామని బావమరిది పుస్తకం తెచ్చుకున్నాను. వాడు బేకరీలో పనిచేస్తాడు. ఆటలో మంత్రగాడు, పేరు పొగమంచు స్వామి. పేజీలన్నీ వెన్నకి అతుక్కుపోయాయి. విప్పి చూశాను.

"ఆట 18. బాగా జరిగింది. రెండు మందులు తాగాను. సుత్తి బావ దగ్గరే ఉంది."
"ఆట 19. ఇదీ బాగానే. మందులు లేవు."

అంతే! ఒక్కో ఆటకి రెండు మూడు ముక్కలు. ముప్పై రెండూ పూర్తి! నా ముక్కు వర్ణన చూసి నాకే సిగ్గేసింది.

జూన్ 14, శనివారం

ఆట 33. కాగితం తీసుకెళ్లలేదు. పెన్ను మాత్రం తీసుకెళ్లాను.

మిగిలినవి 25. రెండు వారాల కఠోర శ్రమ తర్వాత సరిగ్గా మొదలెట్టిన చోటుకే వచ్చాను.

మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి అంది: "ఇదంతా ఎంతసేపట్నుంచి రాస్తున్నారు?"

"పావుగంట."

"ఆ పావుగంటలో రెండు కాగితాలయ్యేవిగా?"

"ఇది వేరు, అది వేరు. ఇది రాసే అలవాటు కోసం రాస్తున్నా."

ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

జూన్ 15, ఆదివారం

ఉదయం 10:00. చెప్పుల పెట్టె బోర్లించాను. ఈ రోజు తేలిపోవాలి!

ఉదయం 11:20. ఆట 9: తాడు కాలిపోయింది. ఆట 5 ముందే రాసేశాను కదా, గొడ్డలి బావిలో పడింది. ఆట 11: డాలుని ఏదో జంతువు తినేసింది. రాసే ముందు అన్నీ వరసగా చదువుకుంటూ నవ్వుకుంటున్నాను. బండి పట్టాలెక్కింది!

ఉదయం 11:35. దేవుడా.

ఉదయం 11:50. మళ్లీ చదివాను. నా చేతిరాతే. పవర్ చీటీ వెనక: "ఆట 13. వంతెన భూతం పొగమంచు స్వామిని పట్టుకుంది. విడిపించడానికి పిడుగుసుత్తి ఇచ్చేశాను. ఇక రాదు."

ఇక రాదు!

మరి పద్నాలుగో ఆట నుంచి నిన్నటి దాకా, ఇరవై ఆటలు, పిడుగుసుత్తితో నేను కొట్టినవన్నీ? రాతి రాక్షసుడు? ఏడు తలల పాము? మొన్నటి తలుపు?

నాకు గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు. మాస్టరమ్మకి ఇంకో మూడు బల్లలున్నాయి, ఆవిడకీ గుర్తుండదు. వారం తిరిగేసరికి సుత్తి ఎప్పటిలాగే చేతిలో ఉందనుకుని ఊపేశాను. నా దగ్గర లేని సుత్తితో తొమ్మిదో లెవెల్‌కి ఎక్కేశాను!

జూన్ 16, సోమవారం

ఉదయం. బహుశా సుత్తులు రెండేమో.

మధ్యాహ్నం. బహుశా భూతం తిరిగిచ్చేసిందేమో. భూతాల్లోనూ మంచివాళ్లుంటారు.

సాయంత్రం. బహుశా ఆ చేతిరాత నాది కాదేమో. (నాదే.)

జూన్ 17, మంగళవారం

మధ్యాహ్నం 1:15. బేకరీ వెనక గుమ్మం. చీటీ బావమరిదికి చూపించకుండా, సుత్తి పోయిందని అందులో ఉందని మాత్రం చెప్పాను.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే నమిలి మింగెయ్ బావా. బన్నులో పెట్టిస్తా, తెలీదు."

నిజంగానే వేడి బన్ను కోసి తెచ్చాడు. చీటీ మధ్యలో పెట్టాను. నోటిదాకా తీసుకెళ్లాను కూడా. చీటీ ముందువైపు ఎవరో పెద్దావిడ పవర్ కనబడింది. ఆవిడ చూపు మింగేస్తున్నట్టనిపించి బయటికి లాగేశాను. అప్పుడు వాడు చీటీ తీసుకుని చదివాడు.

"నాకోసం ఇచ్చేశావా, సుత్తి?"

"నాకూ గుర్తులేదురా."

"ఎవరైనా సుత్తి ఇస్తారా బావా, అంత మంచి సుత్తి..." పిండి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా తెల్లబడింది. ఇద్దరం ఆ బన్ను చెరిసగం తిన్నాం.

పోయేటప్పుడు వెనక నుంచి అరిచాడు: "అయినా సరే, నమిలెయ్ బావా!"

జూన్ 20, శుక్రవారం

నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పను. అబద్ధం కాగితం కూడా రాయను. 28న నాకు జ్వరం వస్తుంది. దగ్గు సాధన చేస్తున్నాను.

సాయంత్రం 5:40. మా ఆవిడ డైరీ చూసేసింది. "జ్వరానికి కూడా ముందే తేదీ వేశారే! ఈ పద్ధతేదో బాగుంది" అంది.

సాయంత్రం 6:05. లైబ్రరీ అమ్మాయి ఫోను. "అన్నయ్యా, నీ చొక్కా కొలత ఎంత? దర్జీ మావయ్య నలుగురికీ ఒకే రంగు చొక్కాలు కుడుతున్నాడు. నీదొక్కటే ఆగింది."

దర్జీ మావయ్య మా జట్టులో వైద్యుడు. ఆటలో పది మాటలకి మించి మాట్లాడడు. ఆయన మా కోసం కుట్టుమిషను ముందు కూర్చున్నాడంటే! నేను జ్వరం తెచ్చుకుంటే నలుగురమూ ఇంటికే కదా. చొక్కాలతో సహా.

కొలత చెప్పాను. పొట్ట దగ్గర కొంచెం తగ్గించి చెప్పాను.

జూన్ 21, శనివారం

చెప్పేశాను!

మధ్యాహ్నం 2:00. పాచికలు తీయకముందే నిలబడి చీటీ చదివాను. కింద సైకిల్ షాపులో ఎవరో గంట మోగించి చూసుకుంటున్నారు.

లైబ్రరీ అమ్మాయి ముందు నవ్వింది, తర్వాత నోరు మూసుకుంది. దర్జీ మావయ్య టేపు మెడలోంచి తీసి మడతపెట్టాడు. మాస్టరమ్మ కళ్లజోడు తీసి తుడిచింది (ఆ అద్దాలు నేను అరగదీసినవే).

"సుత్తి లేదు సరే. మరి ఆ ఏడు తలల పాముని దేంతో కొట్టారు?"

"తెలీదు మాస్టరమ్మా."

"గెలిచినట్టు ప్రతి ఆటకీ హాజరు పట్టీలో నేనే సంతకం పెట్టాను. నేనూ చూసుకోలేదు. తీర్పు నేను చెప్పలేను. 28న కాగితాలు చూసేటప్పుడు ముద్రగారు చెప్పాలి."

ముద్రగారు! నలభై క్లబ్బుల కాగితాలూ చూసే పెద్దాయన. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్క తేదీ తప్పినా ముద్ర వేయరని పేరు.

ఆట ఆడలేదు. మెట్లు దిగుతుంటే దర్జీ మావయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "చెప్పావు, చాలు." మూడు మాటలు కూడా లేవు. ఏడుపొచ్చింది.

జూన్ 22, ఆదివారం

ఉదయం 9:00. నలుగురం మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర. పిలిచింది నేను కాదు, మా ఆవిడ. చెప్పుల పెట్టె తన ముందు పెట్టుకుంది. చేతికి ల్యాబు తొడుగులు!

"ఒక్కో చీటీ చదువుతాను. దొరికింది, ఖర్చయింది, దెబ్బ, లెవెల్. నాలుగే మాటలు. ఇంకేమీ వద్దు."

"అప్పుడు ఆ రాక్షసుడి కళ్లల్లో నిప్పులు..." అన్నాను.

"దొరికిందా, ఖర్చయిందా?"

"రెండూ కాదు."

"తర్వాత!"

లైబ్రరీ అమ్మాయి తేదీలు చెప్పింది. బావమరిది మందుల లెక్క చెప్పాడు. దర్జీ మావయ్య ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో వేలితో చూపించాడు. సాయంత్రం నాలుగున్నరకి ఇరవై ఐదూ పూర్తి! నేను ఒక్కటీ రాయలేదు. సంతకాలు మాత్రం పెట్టాను.

ప్రతి కాగితం పైన ఉండే "ఆయుధం" అన్న గడి మాత్రం పద్నాలుగో ఆట నుంచి ఖాళీ. ఇరవై కాగితాల్లో ఇరవై ఖాళీలు.

జూన్ 25, బుధవారం

ఒకాయన కుడి కంటి అద్దం ఎడమ వైపు బిగించాను. తిరిగొచ్చి "దారి వంకరగా ఉందండీ" అన్నాడు. నాకూ అలాగే ఉందని చెప్పాను.

జూన్ 28, శనివారం

ఉదయం 11:00. ముద్రగారి గది. బల్ల మీద సిరా దిండు, చెక్క ముద్ర, ఒక అడుగు స్కేలు. బయట బెంచీ మీద మిగతా ముగ్గురూ, కొత్త చొక్కాల్లో. నాది పొట్ట దగ్గర పట్టేసింది.

ముప్పై మూడు కాగితాలూ చదివారు. వరస కింద స్కేలు పెట్టి చదివారు. ఏడో ఆట ముక్కు దగ్గర ఆగారు. "దీన్ని ఏం చేయమంటావు నాయనా?" అన్నారు. గబుక్కున పేజీ తిప్పేశాను.

తర్వాత ఖాళీలు వచ్చాయి. చీటీ చూపించాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"మాస్టర్ సంతకం పెట్టిన గెలుపు గెలుపే. లెవెల్ పోదు. కానీ గడి ఖాళీగా ఉంటే ముద్ర పడదు. దేంతో గెలిచావో రాయాలి."

"దేంతోనో తెలీదండీ."

"తెలీకపోవడమేంటి, కాగితాలున్నాయిగా!"

మొదటి కాగితం నుంచి నా సామాన్లన్నీ ఒక జాబితా రాశారు. పోయినదాన్నల్లా స్కేలు పెట్టి కొట్టేసుకుంటూ వచ్చారు. గొడ్డలి, బావిలో. తాడు, కాలింది. డాలు, జంతువు తినేసింది. సుత్తి, భూతం దగ్గర. చివరికి మూడు మిగిలాయి. దుప్పటి ఒకటి. సగం కొవ్వొత్తి. గరిటె ఒకటి. ఆ గరిటె రెండో ఆటలో సత్రం వంటావిడ పిలిచి ఇచ్చింది, పులుసు బాగుందన్నందుకు.

ముద్రగారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"దుప్పటితో కొట్టావా, కొవ్వొత్తితో కొట్టావా, గరిటెతో కొట్టావా నాయనా?"

"...గరిటెతోనండీ."

"రాయి."

ఇరవై సార్లు రాశాను. ఆయుధం: గరిటె. ఆయుధం: గరిటె. రాతి రాక్షసుడు, గరిటె. ఏడు తలల పాము, గరిటె. పన్నెండోదానికి ముద్రగారి భుజాలు కదలడం మొదలైంది. ఇరవయ్యోదానికి బల్ల పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నారు. "ముప్పై ఏళ్లయింది నాయనా, ఇలా నవ్వి!"

ఢామ్. ముద్ర పడింది! ముప్పై మూడు సార్లు పడింది!

బెంచీ మీద ముగ్గురూ ఎగిరి గంతేశారు. నా చొక్కా గుండీ ఒకటి ఊడి ఎగిరిపోయింది. రేపు డ్రాగన్ మీదికి గరిటెతో వెళ్తున్నాను. అయినా సరే! రేపటి ఆట మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాస్తాను.

జూన్ 29, ఆదివారం

సాయంత్రం 7:00. అబ్బ!

అబ్బబ్బబ్బ! ఏం ఆట!! గరిటె!!!

చేయి నొప్పి. గొంతు లేదు. అసలు ఆ పాచిక పడ్డప్పుడు! అమ్మో! మిగతాది రేపు.

జూన్ 30, సోమవారం

ఉదయం 8:15. ముద్రగారి ఫోను. "నిన్నటి ఆట కాగితం శనివారం లోపు ఇవ్వాలి నాయనా. డ్రాగన్ మీద ఆఖరి దెబ్బ ఎవరిదో, దేంతోనో స్పష్టంగా ఉండాలి. అప్పుడే నలుగురికీ పదో లెవెల్."

డైరీ తీశాను. "అబ్బ" తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం 1:00. డ్రాగన్ ఊపిరి వదలగానే మంత్రాయుధాలన్నీ చచ్చుపడ్డాయి, పనిచేసింది వంటింటి గరిటె ఒక్కటే. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. సుత్తి ఉండుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ణి. ఆ తర్వాతే గొడవ. గరిటె నా చేతిలోంచి తానే లాక్కుని కొట్టానంటాడు బావమరిది. అది ఎగిరి తన చేతిలో పడిందంటుంది లైబ్రరీ అమ్మాయి. దర్జీ మావయ్య తన గుండె మీద వేలు పెట్టుకుని ఊరుకున్నాడు. నాకైతే నేనే కొట్టినట్టుంది. మాస్టరమ్మ ఆ సమయానికి కళ్లు మూసుకుందట.

సాయంత్రం 5:30. "మీరు కాకుండా దగ్గర్లో నిలబడి చూసినవాళ్లెవరూ లేరా?" అంది మా ఆవిడ. ఉన్నారు! సరిగ్గా నా కుర్చీ వెనకే! ఫోను చేశాను.

ముద్రగారు కాసేపు దగ్గారు.

"నేను... స్కేలు పైకెత్తి అరుస్తున్నా నాయనా. చూసుకోలేదు."

సాయంత్రం 5:45. నలుగురి పేర్లూ కలిపి ఒకే దెబ్బ అని రాయమంది మా ఆవిడ. నాలుగు మాటల్లో అయిపోతుందట. రాస్తాను. ముందు డ్రాగన్ ముక్కు గురించి రెండు వాక్యాలు రాసి, ఆ తర్వాత.

సాయంత్రం 6:00. కొత్త శపథం: రేపటి నుంచి, శనివారం ఆడిన ఆటకి శనివారం సాయంత్రమే కాగితం. గరిటె మీద ఒట్టు!